ఫోనులో పట్టిన జోలె

మదీనాలో ఒకనాడు పొద్దు బాగా ఎక్కకముందే కొందరు మనుషులు వచ్చారు. కాళ్లకు చెప్పులు లేవు. ఒంటిమీద సరైన బట్ట లేదు. చారల ఉన్ని గుడ్డను మధ్యలో చింపి మెడలో తగిలించుకున్నారు. కత్తులు మాత్రం వేలాడుతున్నాయి. వారిలో ఎక్కువమంది ముదర్ తెగవారు. వారి లేమిని చూడగానే దైవప్రవక్త (స) ముఖవర్ణం మారిపోయింది. ఆయన ఇంట్లోకి వెళ్లారు, బయటికి వచ్చారు, అజాన్ ఇవ్వమని హజ్రత్ బిలాల్ (రజి)ను ఆదేశించారు. నమాజు ముగిశాక లేచి నిలబడి ప్రజలను దానానికి పిలిచారు. దీనారు ఉన్నవారు దీనారు, దిర్హము ఉన్నవారు దిర్హము, బట్ట ఉన్నవారు బట్ట, గోధుమలు, ఖర్జూరాలు, చివరికి ఖర్జూరపు ముక్క అయినా సరే ఇవ్వమన్నారు. అన్సార్లలో ఒకరు చేతితో మోయడం కష్టమైనంత బరువు గల సంచిని తెచ్చి ముందుంచారు. ఆయనను చూసి ఒకరి వెనుక ఒకరు కదిలారు. చూస్తుండగానే తిండి ఒక కుప్ప, బట్టలు ఒక కుప్ప అయ్యాయి. అప్పుడు దైవప్రవక్త (స) ముఖం బంగారు పూత పూసినట్టు మెరిసిందని హజ్రత్ జరీర్ బిన్ అబ్దుల్లాహ్ (రజి) ఉల్లేఖించారు. ఇది సహీహ్ ముస్లిం గ్రంథంలోని హదీసు.

విద్యార్థులకు ఈ హదీసు చెప్పేటప్పుడు నేను ఒకచోట కాసేపు ఆగుతాను. ముదర్ వారు నోరు తెరిచి అడిగినట్టు ఈ ఉల్లేఖనంలో లేదు. వారిని వరుసగా నిలబెట్టి ఒక్కొక్కరి చేత తమ దీనగాథ చెప్పించినట్టూ లేదు. వారి తరఫున అడిగినవారు దైవప్రవక్త (స). అడగడం బహిరంగంగానే జరిగింది, ఇవ్వడమూ బహిరంగంగానే జరిగింది. అడిగే భారం మాత్రం బీదవాని మెడమీద పడలేదు.

నేడు ఆ పిలుపు ఫోనులో వినిపిస్తున్నది. వాట్సాప్ తెరిస్తే చాలు, రోజుకు ఒకటైనా విజ్ఞప్తి కనిపిస్తుంది. ఒకరికి కిడ్నీ మార్పిడి, ఒకరికి కళాశాల రుసుము, ఒక వితంతువుకు ఇంటి అద్దె, ఎక్కడో బావి తవ్వకం, ఎక్కడో వరద. అడుగున ఒక క్యూఆర్ కోడ్. 2016లో యూపీఐ వచ్చిన తరువాత దానం చేయడానికి బ్యాంకుకు వెళ్లే పని తప్పింది. కూరగాయల బండి దగ్గర నిలబడే వంద రూపాయలు పంపవచ్చు. పూర్వం మొహల్లా పెద్ద జోలె పట్టి ఇల్లిల్లూ తిరిగి నెల రోజుల్లో పోగుచేసిన మొత్తం ఇప్పుడు ఒక రాత్రిలో పోగవుతున్నది. ఇది అల్లాహ్ మనకు సులభం చేసిన మార్గం. దీనిని తేలికగా చూడడం కృతఘ్నత అవుతుంది.

మా తోటి ఉలమాలలో కొందరికి ఈ వ్యవహారం గిట్టదు. ఇదంతా ప్రదర్శనాబుద్ధి అనీ, కుడిచేయి ఇచ్చినది ఎడమచేయికి తెలియరాదన్న బోధకు విరుద్ధమనీ అంటారు. వారి భయంలో నిజం ఉంది. కానీ దివ్య ఖుర్ఆన్ (2:271) బహిరంగ దానాన్ని నిషేధించలేదు. బాహాటంగా ఇచ్చినా అది మంచిదేననీ, గోప్యంగా బీదలకు ఇస్తే అది మరింత మేలనీ ఆ ఆయత్ బోధ. అన్సారీ సహాబీ బరువైన సంచి అందరూ చూస్తుండగానే తెచ్చారు. ఆయన తరువాత ఎందరో కదిలారు. మంచి ఆనవాయితీకి నాంది పలికినవానికి, దానిని అనుసరించినవారి పుణ్యంలోనూ వాటా ఉంటుందని దైవప్రవక్త (స) చెప్పినది ఆ సందర్భంలోనే. సమూహంలో ఒకరు ‘నా వంతు పంపాను’ అని రాయగానే ఇంకో పదిమంది పంపడం మనం చూస్తూనే ఉన్నాం. కాబట్టి బహిరంగమా, గోప్యమా అనే చర్చ కన్నా ఏది బహిరంగం కావాలి, ఏది గోప్యంగా ఉండాలి అనే ప్రశ్న నాకు ముఖ్యంగా తోస్తుంది.

ఈ విషయంలో మనకు దారి చూపే మరొక హదీసు ఉంది. అదీ సహీహ్ ముస్లింలోనిదే, జకాత్ అధ్యాయంలోనిది. హజ్రత్ ఖబీసా బిన్ ముఖారిఖ్ (రజి) ఇతరుల తరఫున ఒక చెల్లింపు భారాన్ని తన నెత్తిన వేసుకున్నారు. రెండు వర్గాల మధ్య తగవు ఆపడానికి రక్తపరిహారం వంటివాటికి పూచీ పడడం అరబ్బుల్లో ఉండేది. ఆయన సహాయం కోసం దైవప్రవక్త (స) వద్దకు వచ్చారు. జకాత్ సొమ్ము వచ్చేవరకు ఆగమని చెప్పి, ఆయన ఒక నియమం బోధించారు. అడగడం ముగ్గురికే తగును. ఇతరుల కోసం పూచీ పడినవారు ఒకరు. విపత్తులో ఆస్తి తుడిచిపెట్టుకుపోయినవారు ఇంకొకరు. లేమి వచ్చిపడినవారు మూడవవారు. ఈ మూడవవారి విషయంలో, అతని వారిలోనే వివేకవంతులైన ముగ్గురు లేచి, ఇతనికి నిజంగానే లేమి వచ్చిందని చెప్పాలి. ముగ్గురికీ ఒక హద్దు ఉంది. అవసరం తీరేవరకే అడగాలి, తీరగానే ఆగాలి. దీనికి బయట అడిగి తిన్నది హరామ్ తిండి.

పధ్నాలుగు వందల ఏళ్ల క్రితం చెప్పిన ఈ మాటలో కారణం ఉంది, సాక్ష్యం ఉంది, హద్దు ఉంది. ఇప్పుడు ఫోనులో వచ్చే విజ్ఞప్తులను దీని పక్కన పెట్టి చూడండి. కారణం అన్నిటిలోనూ ఉంటుంది, కన్నీళ్లతో సహా. సాక్ష్యం కొన్నిటిలోనే ఉంటుంది. హద్దు దాదాపు ఎందులోనూ కనిపించదు. ఎంత కావాలి, ఎంత వచ్చింది, ఎప్పుడు ఆపుతారు అనేది చెప్పరు. చికిత్స ముగిసి, ఒక్కోసారి ఆ రోగి ఖబరుస్తాన్‌కు చేరిన తరువాత కూడా ఆ సందేశం ఊరూరా తిరుగుతూనే ఉంటుంది.

హద్దు పాటించి చేసిన పనికి మన కళ్లముందు ఒక పెద్ద ఉదాహరణ ఉంది. కేరళలోని కోళికోడ్ ప్రాంతానికి చెందిన ఒక డ్రైవరు 2006లో సౌదీకి వెళ్లాడు. అంగవైకల్యం ఉన్న ఒక బాలుణ్ణి చూసుకోవడం అతని పని. కారులో వెళ్తుండగా, ఆ బాలుని ప్రాణం ఆధారపడిన పరికరానికి పొరపాటున అతని చేయి తగిలి, బాలుడు చనిపోయాడు. న్యాయస్థానం మరణశిక్ష వేసింది. ఏళ్లు గడిచాక ఆ కుటుంబం రక్తపరిహారానికి ఒప్పుకున్నది. మొత్తం కోటిన్నర రియాళ్లు, మన లెక్కలో సుమారు 34 కోట్ల రూపాయలు. 2024 మార్చిలో ఈ ఒక్క పని కోసమే ఒక యాప్ తయారుచేశారు. ఎంత వచ్చింది, ఇంకా ఎంత కావాలి అనేది ఎవరైనా తెరిచి చూసుకోవచ్చు. ఏప్రిల్ మధ్యనాటికి మొత్తం సమకూరింది. ఇచ్చినవారిలో ముస్లిములున్నారు, హిందువులున్నారు, క్రైస్తవులున్నారు. గల్ఫ్‌లో దినకూలీలు ఇచ్చారు, వ్యాపారులూ ఇచ్చారు. ఆ జూలైలో మరణశిక్ష రద్దయింది.

ఈ సంఘటనను ఖబీసా (రజి) హదీసుతో కలిపి చదివినప్పుడు నాకు ఒళ్లు గగుర్పొడిచింది. రక్తపరిహారపు భారం, దానికోసం సమాజాన్ని అడగడం, ఎంత కావాలో ముందే తేల్చి చెప్పడం, అన్నీ ఉన్నాయి. అతని పేరు, ఫోటో అన్ని పత్రికల్లో వచ్చాయి కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే. కానీ అది న్యాయస్థానంలో తీర్పు వెలువడిన వ్యవహారం, దేశాల మధ్య నడిచిన వ్యవహారం. అందులో దాచడానికి మిగిలిందేమీ లేదు. మన వీధిలోని వితంతువు అద్దె బాకీ అటువంటిది కాదు.

సాక్ష్యం సంగతికి వస్తాను. 2021 వేసవిలో కరోనా రెండవ విడత ఉద్ధృతంగా ఉన్నప్పుడు, ఆక్సిజన్ సిలిండరు ఎక్కడ దొరుకుతుంది, ఏ ఆస్పత్రిలో పడక ఖాళీగా ఉంది అనే సమాచారం వేల సందేశాలుగా తిరిగింది. వాటిలో చాలావరకు పాతబడినవే. ఒకచోట నిన్న ఉన్న సిలిండరు ఈరోజు ఉండదు. ఆ రోజుల్లో నిజమైన మేలు చేసినవారు సందేశాలను ముందుకు పంపినవారు కారు. ఇంట్లో కూర్చుని ఒక్కొక్క నంబరుకు ఫోను చేసి, ఉన్నది లేనిది కనుక్కొని, ఫలానా గంటకు సరిచూశామని రాసి పెట్టిన యువతీ యువకులు. ఇంటర్మీడియెట్, డిగ్రీ చదువుకునే పిల్లలు. ఫార్వర్డ్ చేయడానికి ఒక వేలు చాలు, సరిచూడడానికి ఒక పూట పడుతుంది. అల్లాహ్ వద్ద ఈ రెండింటి విలువ ఒకటే అని నేను అనుకోను.

‘అతని వారిలోనే’ ముగ్గురు అనే షరతును గమనించండి. వేల మైళ్ల దూరంలో ఉన్న వెయ్యిమంది ‘ఆమీన్’ అని రాసినా అది సాక్ష్యం కాదు. సాక్ష్యం చెప్పవలసినవారు అతని గడప తెలిసినవారు. మసీదు ఇమాము కావచ్చు, బడి ఉపాధ్యాయురాలు కావచ్చు, ఏళ్ల తరబడి అరువు ఇస్తున్న కిరాణా కొట్టు యజమాని కావచ్చు. కిరాణా కొట్టు యజమానిని నేను కావాలనే చెబుతున్నాను. ఏ ఇంట్లో ఏ నెలలో నూనె కొనడం ఆగిపోయిందో అతనికి తెలిసినంతగా ఇమాముకు తెలియదు. ఇంటర్నెట్ పిలుపును దూరానికి తీసుకుపోగలదు. మనిషిని ఎరగడం మాత్రం ఇప్పటికీ మొహల్లాలోనే జరగాలి.

ఇక ఈ వ్యాసం రాయడానికి నన్ను పురికొల్పిన విషయం. మా ప్రాంతంలో ఒక ఆటో డ్రైవరు కూతురికి అయిదేళ్ల వయసులో గుండె శస్త్రచికిత్స జరిగింది. డబ్బు కోసం ఎవరో ఆ పిల్ల ఫోటో తీశారు. ముక్కులో గొట్టాలు, ఒంటిమీద సగం బట్ట, పక్కన నఖాబ్ తొలగి ఏడుస్తున్న తల్లి. ఆ ఫోటో తెలుగు ప్రాంతమంతా తిరిగింది. డబ్బు వచ్చింది, శస్త్రచికిత్స ఫలించింది, అల్‌హమ్దులిల్లాహ్. ఇప్పుడా పిల్ల ఎనిమిదవ తరగతి. గత ఏడాది అదే ఫోటో మళ్లీ ప్రత్యక్షమయింది, ఈసారి ఇంకెవరిదో క్యూఆర్ కోడ్‌తో. తోటి పిల్లల ఇళ్లలోని ఫోన్లకు అది చేరింది. తరగతిలో ఎవరో ఆ పిల్లకు ‘వాట్సాప్ పాప’ అని పేరు పెట్టారు. వారం రోజులు బడికి వెళ్లనని మూల కూర్చుంది. తల్లి మా ఇంటికి వచ్చి, మా ఆవిడ పక్కన కూర్చుని, తలుపు చాటునుంచి నన్ను అడిగింది: “మౌల్వీ సాబ్, ఆ ఫోటో ఎట్లాగైనా తీసేయించండి. కావాలంటే వాళ్లిచ్చిన డబ్బులు కొంచెం కొంచెంగా తిరిగి కట్టేస్తాం.”

గోడమీది పోస్టరు అయితే చింపివేయవచ్చు. వేల ఫోన్లలో ఉన్నదానిని ఎవరు చింపగలరు? ఆ తల్లి చివరి మాట నాకు అంతకన్నా బాధ కలిగించింది. దానం తీసుకున్న మనిషి, దానిని అప్పుగా మార్చుకొని అయినా తన ముఖాన్ని తిరిగి కొనుక్కోవాలనుకున్నది.

దివ్య ఖుర్ఆన్ (2:264) విశ్వాసులను హెచ్చరించింది. ఉపకారాన్ని ఎత్తిచూపి, మనసు నొప్పించి మీ దానధర్మాలను వ్యర్థం చేసుకోవద్దన్నది ఆ హెచ్చరిక సారం. పూర్వం ఎత్తిచూపాలంటే దాత నోరు తెరవాలి. ఇప్పుడు ఆ పని ఫోటోయే చేస్తుంది, దాత నిద్రపోతున్నప్పుడు కూడా చేస్తుంది. అదే సూరాలోని 273వ ఆయత్, సహాయానికి ఎక్కువ అర్హులెవరో చూపుతుంది. వారు ఆత్మాభిమానంతో చేయి చాపరు. తెలియనివాడు వారిని చూసి కలిగినవారే అనుకుంటాడు. జనాన్ని పట్టుకు వేధించి అడగరు. ఫోటో ఇస్తేనే సహాయం అనే పద్ధతి పెట్టుకుంటే, ఈ ఆయత్ ఎవరి గురించి మాట్లాడుతున్నదో సరిగ్గా వారే మన జాబితా నుంచి తప్పిపోతారు. సిగ్గులేనివారే మిగులుతారు. ఇది నేను ఊహించి చెప్పడం లేదు. రమజాన్‌లో రేషన్ సంచులు పంచేచోట కెమెరా కనిపిస్తే వరుసలోంచి మెల్లగా తప్పుకునే ఆడవారిని ఎన్నోసార్లు చూశాను.

హజ్రత్ ఇమామ్ జైనుల్ ఆబిదీన్ (రహ్మ) గురించి చరిత్రకారులు రాసినది చాలామందికి తెలుసు. మదీనాలో కొన్ని కుటుంబాలకు రాత్రివేళ గుమ్మం ముందు తిండి ఉండేది. ఎవరు పెడుతున్నారో తెలియదు. ఆయన మరణించిన తరువాత అది ఆగిపోయింది. గుసుల్ చేయించేటప్పుడు వీపుమీద మూటలు మోసిన మచ్చలు కనిపించాయి. ఆ చీకటిని ఈ కాలంలో మనం ఎలా తెచ్చుకోవాలి? ఆశ్చర్యం ఏమిటంటే, ఇదే ఫోను ఆ చీకటిని ఇవ్వగలదు. వరుసలో నిలబెట్టకుండా, చేతికి సంచి ఇస్తూ ఫోటో తీయకుండా, అద్దె నేరుగా ఇంటి యజమాని ఖాతాకు, రుసుము నేరుగా బడి ఖాతాకు పంపవచ్చు. పక్కింటివారికి కూడా తెలియదు. ఇల్లిల్లూ తిరిగిన పాత జోలెకు ఈ సౌకర్యం లేదు. సాధనాన్ని నిందించేవారు ఈ సంగతి మరువరాదు.

మనిషిని దాచాలి అంటే లెక్కను కూడా దాచుకోవచ్చని కొందరు అర్థం చేసుకుంటారు. లెక్క పూర్తిగా బయట ఉండాలి. దైవప్రవక్త (స) అజ్ద్ తెగకు చెందిన ఒక వ్యక్తిని జకాత్ వసూలుకు పంపారు. అతడు తిరిగి వచ్చి, ఇది మీది, ఇది నాకు కానుకగా ఇచ్చినది అన్నాడు. దైవప్రవక్త (స) మింబరుపై నిలబడి, అతడు తన తల్లిదండ్రుల ఇంట్లోనే కూర్చుని ఉంటే ఆ కానుక వచ్చేదేమో చూడమన్నారు. ఈ హదీసు బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉంది. దానం వసూలు చేసేవారు ఎవరైనా దీనిని కంఠస్థం చేయాలి. దాతల డబ్బు సొంత ఖాతాలో సొంత జీతంతో కలిసిపోయే చోట అమానత్ నిలవదు. ఎంత నిజాయితీపరుడైనా ఆర్నెల్ల తరువాత ఏది ఎవరిదో తేల్చుకోలేడు. సమూహం పేరున ప్రత్యేక ఖాతా, ఇద్దరి సంతకాలు, పని ముగియగానే వచ్చినది ఎంత, పోయినది ఎంత అనే రెండు వరుసల లెక్క సమూహంలో పెట్టడం, ఇంతకన్నా పెద్ద ఏర్పాటు చిన్న మొహల్లాకు అవసరం లేదు.

జకాత్ విషయంలో ఇంకాస్త జాగ్రత్త కావాలి. నేను చదివినది, చెప్పేది హనఫీ ఫిఖహ్. దాని ప్రకారం మీరు యాప్ ద్వారా పంపిన సొమ్ము సమూహ నిర్వాహకుని చేతికి చేరడంతో జకాత్ చెల్లిపోదు. అతడు మీ వకీలు మాత్రమే. అర్హుడైన బీదవానికి అది సొంతం అయినప్పుడే మీ బాధ్యత తీరుతుంది. రమజాన్‌లో వసూలు చేసి, ‘మంచి కేసు వచ్చేదాకా ఉంచుదాం’ అని బక్రీద్ దాటేవరకు ఖాతాలో ఉంచేవారు దాతలందరి ఫర్జ్‌ను తమ మెడకు వేలాడదీసుకున్నట్టే. జకాత్‌ను సాధారణ సదఖాతో కలపరాదు, మసీదు నిర్మాణానికి వాడరాదు. ఆస్పత్రి బిల్లును నేరుగా కట్టవలసి వస్తే, ముందుగా ఆ రోగి లేక అతని సంరక్షకుని అనుమతి తీసుకోండి. అప్పుడు అతని తరఫున అతని సొమ్ము చెల్లించినట్టవుతుంది. కొన్ని ఆన్‌లైన్ వేదికలు ‘టిప్’ పేరుతో కొంత శాతాన్ని ముందే గుర్తుపెట్టి ఉంచుతాయి. గమనించకపోతే అది కూడా మీ ఖాతానుంచి పోతుంది. దానిని జకాత్ లెక్కలో వేసుకోకండి. ఇవ్వదలిస్తే వేరుగా ఇవ్వండి, లేకుంటే ఆ గుర్తును సున్నాకు జరపండి.

గల్ఫ్‌లో ఉన్న మన సోదరులకు ఒక మాట. కడప, నిజామాబాద్, కరీంనగర్ ప్రాంతాల నుంచి వెళ్లినవారు తమ ఊరి కోసం అక్కడ సమూహాలు పెట్టుకుని వసూలు చేస్తుంటారు. సంకల్పం మంచిదే. కానీ ఎమిరేట్స్‌లో అనుమతి లేకుండా విరాళాలు అడగడం, ఫోను సందేశాల ద్వారా అడిగినా సరే, నేరం. 2021లో దీనిపై ప్రత్యేక చట్టం కూడా వచ్చింది. సౌదీలోనూ అనుమతి లేని వసూళ్లను ప్రభుత్వం సహించదు. బిడ్డల కడుపు నింపడానికి వెళ్లినవారు పుణ్యకార్యం పేరుతో జైలుపాలు కారాదు. అక్కడ అధికారికంగా అనుమతి పొందిన సంస్థల ద్వారా ఇవ్వండి, లేదా మీ సొంత సంపాదనలోంచి మీరొక్కరే నేరుగా స్వదేశానికి బ్యాంకు ద్వారా పంపండి. భారత పౌరసత్వం ఉన్నవారు సొంత సంపాదనను బ్యాంకు మార్గంలో ఇక్కడి సంస్థకు పంపితే మన చట్టం దానిని విదేశీ విరాళంగా పరిగణించదు. విదేశీ పౌరసత్వం తీసుకున్న బంధువులు పంపితే అది విదేశీ విరాళమే. ఆ నమోదు లేని సంస్థ దానిని తీసుకోరాదు. అటువంటి సొమ్ము ముందుగా దిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాకే రావాలని 2021 నుంచి నియమం ఉంది. మద్రసాలు నడిపేవారు ఈ సంగతి ఆడిటరును అడిగి తెలుసుకోవడం మేలు.

మోసగాళ్ల గురించి ఎక్కువ చెప్పను, పత్రికల్లో రోజూ వస్తున్నదే. నిజమైన విజ్ఞప్తిని తీసుకుని క్యూఆర్ కోడ్ ఒక్కటి మార్చి పంపడం వారి సులువైన పద్ధతి. పంపేముందు తెరమీద కనిపించే పేరును చదవండి. డబ్బు తీసుకోవడానికి పిన్ నంబరు ఎప్పుడూ అవసరం లేదని ఇంట్లోని పెద్దవారికి చెప్పండి. పొరపాటున పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయండి.

ఫోను ద్వారా ఇవ్వగలిగినది డబ్బు ఒక్కటే అనుకోవడమూ సరికాదు. తలసేమియా ఉన్న పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకు ఒకసారి రక్తం ఎక్కించాలి, జీవితాంతం. హైదరాబాదులో ఇటువంటి పిల్లల కోసమే 1998 నుంచి ఒక సొసైటీ పనిచేస్తున్నది. రమజాన్‌లో, వేసవి సెలవుల్లో రక్తదాతలు తగ్గుతారు, ఆ పిల్లల అవసరం తగ్గదు. రక్తవర్గం, చివరిసారి ఇచ్చిన తేదీ రాసుకున్న నలభై మంది యువకుల సమూహం ఒక మసీదుకు ఉంటే ఎంతో మేలు. పురుషులు మూడు నెలలకు, స్త్రీలు నాలుగు నెలలకు ఒకసారి ఇవ్వవచ్చు కాబట్టి వంతులు వేసుకోవడం కష్టమేమీ కాదు. రోజాలో ఇస్తే ఉపవాసం భంగం కాదు. నీరసం వచ్చే భయం ఉంటే మక్రూహ్ కాబట్టి ఇఫ్తార్ తరువాత ఇవ్వడం మంచిది. ఇందులో ఎవరి ఫోటో అక్కరలేదు, ఎవరి రక్తం ఎవరికి వెళ్లిందో ఇచ్చినవారికీ తెలియదు.

ఆటో డ్రైవరు కూతురి విషయం తరువాత మా మొహల్లా సమూహంలో ఒక పద్ధతి పెట్టుకున్నాం. పేరు ఉండదు, సంఖ్య ఉంటుంది. పేర్ల పుస్తకం ఒక్కటే, అది ఇమాము గారి బీరువాలో ఉంటుంది. స్త్రీల విషయాలు విచారించడానికి ఇద్దరు ఉపాధ్యాయినులు ఉన్నారు, మగవారు వెళ్లరు. మొన్న షాబాన్ నెలలో వెళ్లిన విజ్ఞప్తి ఇది: “నెం. 14. భర్త లేని తల్లి, ముగ్గురు పిల్లలు. నాలుగు నెలల అద్దె బాకీ, పెద్దమ్మాయి పరీక్ష రుసుము. మొత్తం కావలసినది 23,500. ముగ్గురు వెళ్లి చూసి వచ్చారు, వారి పేర్లు కింద ఉన్నాయి. జకాత్‌కు అర్హులు. మొత్తం నిండగానే మూసివేస్తాం.”

రెండు రోజుల్లో నిండింది. మూసివేసిన తరువాత వచ్చిన 1,800 ఎవరివి వారికి తిరిగి పంపారు. ఫోటో పంపమని ముగ్గురు అడిగారు. సాక్షుల నంబర్లు ఇచ్చి వారితో మాట్లాడమన్నాం. ఒకరు మాట్లాడారు.